పోయాక ఇచ్చేవాళ్ళు

మంచాల సంఘానికి అసలు పేరు వేరే ఉంది. గేటు మీద బోర్డు నిండా అదే. చదివేసరికి ఊపిరి అయిపోతుంది కాబట్టి ఎవరూ చదవరు. తుంటి విరిగినవాళ్ళకి, పక్షవాతం వచ్చినవాళ్ళకి, ఆపరేషనయి ఇంటికొచ్చినవాళ్ళకి ఆస్పత్రి మంచాలు ఊరికే వాడుకోమని ఇచ్చే చోటు అది. ఇచ్చిన మంచం తిరిగొచ్చిందంటే రెండే కారణాలు. మనిషి లేచి నడిచాడు, లేదా లేవకుండానే వెళ్ళిపోయాడు. షెడ్డులో వాళ్ళు ఏ కారణమో అడగరు. బ్లీచింగు నీళ్ళతో కడిగి, తల వైపు పైకి లేపే హ్యాండిలుకి నూనె వేసి, వరసలో తర్వాతవాళ్ళ ఇంటికి తోలేస్తారు.

ఆ సంఘంలో పాలసీ అనే ఆయన పని ఏమిటంటే, బతికున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీరు పోయాక మాకేమిస్తారని అడగడం.

ఇంత మొరటుగా అడగకూడదని సంఘం అధ్యక్షుడు చెప్పాడు. ఆయన పళ్ళ డాక్టరు. "మరణానంతర దాన పథకం అనాలి" అన్నాడు. పాలసీ ఒకటి రెండు చోట్ల అలాగే అని చూశాడు. విన్నవాళ్ళు గుండె పట్టుకున్నారు. అక్కడితో మానేశాడు.

పాలసీ అన్నది జనం పెట్టిన పేరు. అతను జీవితమంతా బీమా పాలసీలు అమ్మాడు. అతన్ని దూరం నుంచి చూడగానే మనుషులు పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక అమ్మడానికి భార్య తప్ప ఎవరూ దొరకలేదు. ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత, "ఎవరికేం అమ్ముకుంటావో అమ్ముకో. నా ప్రాణం తియ్యకు" అంది. సరిగ్గా అప్పుడే పళ్ళ డాక్టరు కబురు పెట్టాడు. ఏటేటా చందాలకి తిరగడం సంఘానికి తలకు మించిన పనయింది. నలుగురి చేత విల్లులు రాయించుకుంటే ముందు ముందు నిలకడ ఉంటుందని ఆయనకి ఎవరో పన్ను పీకించుకుంటూ చెప్పారట. నోట్లో దూది ఉండగా ఎలా చెప్పారో తెలీదు.

"ఇదేమంత కష్టం కాదు డాక్టరు గారూ" అన్నాడు పాలసీ. "ఇదివరకు, నువ్వు పోతే నీ వాళ్ళకొస్తుంది అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు, నువ్వు పోతే నీ వాళ్ళకి రాదు అని చెప్పాలి."

ఆ మాటకి ఒక్కరూ విల్లు రాయలేదు.

చాలా ఇళ్ళలో చాలా టీలు తాగాక పాలసీకి సంగతి అర్థమయింది. పోయాక ఇవ్వడానికి మనుషులకి బాధ లేదు. తమ పేరు చూసుకోవడానికి తాము ఉండరే అన్నదే బాధ. అందుకని షెడ్డులో ఒక పద్ధతి పెట్టించాడు. ఎవరు విల్లు రాస్తే వాళ్ళ పేరు ఆ వారమే ఒక మంచం కాళ్ళ వైపు రేకు మీద ఎర్ర రంగుతో రాయించాలి. బతికుండగానే. వచ్చి చూసుకోవచ్చు, తడిమి చూసుకోవచ్చు, ఫొటో తీసుకోవచ్చు.

దాంతో పథకం పరుగందుకుంది. కాని పళ్ళ డాక్టరుకి కొత్త తలనొప్పి మొదలయింది. పేరు పడగానే ఆ మంచం తమదే అనుకోవడం మొదలుపెట్టారు వాళ్ళు. అది ఎవరింటికి వెళితే అక్కడికి తయారు. ఒక లారీ డ్రైవరు తన మంచం మీద ఎవరో బట్టలారేశారని ఆ ఇంటివాళ్ళతో వీధిలో పోట్లాట వేసుకున్నాడు. ఒక లెక్కల పంతులమ్మ తన మంచం మీదున్న రోగి చేత పొద్దున్నే కాళ్ళు పైకీ కిందకీ ఎత్తించేది. ఎత్తకపోతే ఊరుకునేది కాదు. అతను ఆవిడ బాధ పడలేక తొందరగా కోలుకున్నాడు.

ఇంకో ఇబ్బంది ఉంది. అది పళ్ళ డాక్టరు ఒకరోజు మీటింగులో నోరు జారి అనేశాడు.

"పథకం పెట్టి ఇన్నేళ్ళయింది. ఇంతవరకూ ఒక్కరూ..."

అని నాలుక కరుచుకున్నాడు. నిజమే. ఒక్కరూ పోలేదు. మంచాల వెంట ఇల్లిల్లూ తిరిగి తిరిగి వాళ్ళందరి ఒళ్ళూ రాయిలా తయారయింది.

"రమ్మంటే వస్తుందా డాక్టరు గారూ" అన్నాడు పాలసీ. "మనం చేసేదల్లా చూడ్డమే."

"చూస్తూ కూర్చుంటే షెడ్డు కప్పు కూలుతుంది. పెద్దది ఒకటి చేతిలో ఉంది. అది జాగ్రత్త."

ఆ పెద్దది టికెట్టు పెద్దమ్మ ఇల్లు.

టికెట్టు పెద్దమ్మ సినిమా హాల్లో టికెట్లమ్మే కిటికీ వెనక కూర్చుని జుట్టు తెల్లబరుచుకుంది. కిటికీ అద్దానికి చెయ్యి పట్టేంత కన్నం. అందులోంచి ఆవిడకి మనుషులు చేతులుగానే తెలుసు. భర్త ముందే పోయాడు, పిల్లలు లేరు. హాలు మూసేశాక ఆ సందు మలుపులోనే రెండంతస్తుల ఇల్లు మిగిలింది. పై వాటా అద్దెకిచ్చి కింద వాటాలో ఉంటుంది.

పాలసీ మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ అంతా విని, "నువ్వు రాశావా?" అంది.

"ఏంటి పెద్దమ్మా?"

"విల్లు. నన్ను రాయమంటున్నావు కదా. నువ్వేం రాశావు?"

పాలసీ నీళ్ళు నమిలాడు. అతనికి ఉన్నదల్లా ఒక స్కూటరు. ఇల్లు భార్య పేరున ఉంది.

"ఆ స్కూటరే రాసుకురా. అప్పుడు మాట్లాడదాం."

రాసుకొచ్చాడు. లాయరు ఆ కాగితం చదివి నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. ఇల్లు సంఘానికి, ఇంట్లో సామాను అక్క కొడుక్కి అని రాయించింది. "మరి ఆ పళ్ళాయన రాశాడా?" అని అడిగింది. పాలసీ మాట మార్చాడు.

మంచం మీద టికెట్టు పెద్దమ్మ అనే రాయించుకుంది. అసలు పేరు రాస్తే ఎవరనుకుంటారు అంది.

అప్పట్నించీ పాలసీ నెలకోసారి వెళ్ళి కూర్చునేవాడు. వెళ్ళాలి కూడా. విల్లు రాయించుకుని మొహం చాటేస్తే మనిషికి ఒళ్ళు మండుతుంది, కలం మళ్ళీ చేతిలోకి వస్తుంది. బీమాలో నేర్చుకున్న సంగతే ఇది. కాని పెద్దమ్మ ఇంటికి పని కోసం వెళుతున్నానని అతనే మర్చిపోయాడు. ఆవిడ కిటికీ కబుర్లు అలాంటివి. లైను తప్పించుకుని టికెట్టు కొట్టెయ్యాలని మనుషులు వేసిన వేషాలన్నీ చెప్పేది.

"ఒకడు రోజూ వచ్చి, నేను ఓనరు బావమరిదిని అనేవాడు. అయితే మీ బావనే మీ ఇంటికొచ్చి సినిమా ఆడించమను అనేదాన్ని. ఇంకొకడు ఏడుపు. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉందట, సినిమా చూసొచ్చి కథ చెప్పమందట. అదే ముక్క మర్నాడూ ఏడ్చాడు, వేరే సినిమాకి. ఇంకోడు కిటికీ ముందు దబ్బున పడిపోయాడు. ఈయనకి టికెట్టు అక్కర్లేదట, తర్వాతాయన రండి అన్నాను. లేచి కూర్చున్నాడు."

"ఎవరూ బెదిరించలేదా?"

"అందరూ బెదిరించేవాళ్ళే. అద్దం పగలగొడతా అని. నిజంగా పగలగొట్టినవాడు ఒక్కడే." మణికట్టు తిప్పి మచ్చ చూపించింది. "వాడికీ ఇవ్వలేదు."

అలాంటి మనిషి ఒకరోజు మెట్లు కడుగుతూ జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో మరలు బిగించి ఇంటికి పంపారు. తల వైపు లేచే మంచం మీద కొన్నాళ్ళు పడుకోవాలన్నారు. పెద్దమ్మ సంఘానికి ఫోను చేసింది.

"నా మంచం పంపండి."

ఆవిడ మంచం షెడ్డులో లేదు. సారవ కర్రల మీంచి పడి నడుం, తుంటి రెండూ విరిగిన ఒక గోడలు పూసే మేస్త్రీ ఇంట్లో ఉంది. మిగతా మంచాలూ బయటే. వాటి కోసం ఇంకో ఇద్దరు ముందు నుంచే ఎదురుచూస్తున్నారు.

పళ్ళ డాక్టరు పాలసీని పిలిచి తలుపు వేశాడు.

"మేస్త్రీ ఇంట్లోంచి మంచం తీసుకొచ్చేయ్. వాళ్ళకి ఎలాగో నచ్చచెప్పు."

"ఆయన లేవలేడండీ."

"కింద పరుపు వేసుకుంటాడు. చూడవయ్యా, ఆవిడ ఇల్లు పోతే నీ పథకానికి నేను తాళం వేస్తాను. నువ్వు ఇంటికెళ్ళి మీ ఆవిడకి పాలసీలు చెప్పుకో."

పాలసీ స్కూటరు తీశాడు.

మేస్త్రీ ఇల్లు ఒకటే గది. గోడ ఒక పక్క నున్నగా పూసి ఉంది, ఇంకో పక్క ఇటుకలు అలాగే ఉన్నాయి. ఊరి గోడలన్నీ పూసినవాడికి తన గోడకి తీరిక దొరకలేదు. మంచం గదంతా ఆక్రమించింది. కాళ్ళ వైపు ఎర్ర అక్షరాలు ఎదురుగా కనిపిస్తున్నాయి. మేస్త్రీ భార్య స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. పాలసీని చూడగానే ఆవిడకి విషయం తెలిసిపోయింది.

"ఆ ముసలమ్మ పడిందంటగా బాబాయ్. మంచం కోసం వచ్చావా?"

"ఊరికే చూసిపోదామని."

"ఆమె వారం వారం వచ్చి చూసిపోయేది. హ్యాండిలు ఇలా తిప్పు, అలా తిప్పకు అని నా చెవి కోసేది. అయినా వచ్చినప్పుడల్లా బిస్కెట్లు తెచ్చేది." కత్తి పక్కన పెట్టింది. "తీసుకెళ్తే తీసుకెళ్ళు. కాని ఈయన్ని నువ్వే కిందకి దింపు. నువ్వే పక్కనుండి ఒంటేలికి లేపు. నా ఒక్కదాని వల్ల కాదు."

మేస్త్రీ సిగ్గుతో పైకప్పుకేసి చూశాడు. "ఏం మాటలే అవి, పెద్దాయన ముందు" అన్నాడు. తర్వాత పాలసీ వైపు తిరిగి, "మంచం వాళ్ళదే కదండీ. వాళ్ళకి కావాలంటే మనం ఏం చెప్తాం" అన్నాడు.

పాలసీకి అప్పుడు తెలిసింది, ఆ ఎర్ర రంగు తాను చేసిన పొరపాటని. మంచం సంఘానిది. పేరు మాత్రమే ఆవిడది. కాని ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ కూడా దాన్ని అలా చదవడం లేదు.

"మంచం మీదే" అన్నాడు. "డాక్టరు గారు తెమ్మన్నారు గాని, మీరు లేచి నడిచేదాకా కదలదు."

వట్టి చేతులతో పెద్దమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ ముందు గదిలో చెక్క మంచం మీద, వీపు వెనక దిళ్ళు పేర్చుకుని, నొప్పితో మొహం ముడుచుకుని ఉంది. పై వాటాలో అద్దెకున్నవాళ్ళ కోడలు పిల్ల గ్లాసుతో నీళ్ళు ఇస్తోంది. పాలసీని చూసి పెద్దమ్మ గుమ్మం అవతలికి తొంగి చూసింది.

"బండేది?"

"రాలేదు పెద్దమ్మా. మీ ముందు ఇద్దరున్నారు."

"ఎక్కడ?"

"లైన్లో."

పై వాటా పిల్ల గ్లాసు పట్టుకుని మెల్లిగా జారుకుంది.

"ఆ మంచం మీద పేరెవరిది?" అంది పెద్దమ్మ.

"మీదే."

"మరి?"

"ఓనరు బావమరిది వచ్చినా మీరు ఇవ్వలేదు కదా."

"నేను బావమరిదిని కాదు. ఓనర్ని!"

పాలసీ చెప్పులకేసి చూసుకున్నాడు. పెద్దమ్మ ముక్కు ఎగబీల్చింది. కళ్ళు తుడుచుకుంది. అక్క ఉంటే ఇలా జరిగేదా అంది. ఆయన ఉంటే భుజాల మీద మోసుకెళ్ళేవాడు అంది. వాళ్ళాయన సన్నగా ఉండేవాడని ఆవిడే ఇదివరకు చెప్పింది, గాలి వేస్తే స్తంభం పట్టుకునేవాడట.

"పెద్దమ్మా, ఇది ఆస్పత్రిలో అమ్మ కథ" అన్నాడు పాలసీ, నెమ్మదిగా.

ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆవిడ దిండు మీద తల వాల్చి కళ్ళు మూసేసుకుంది. చెయ్యి మంచం పక్కకి వేలాడేసింది.

"పెద్దమ్మా."

పలకలేదు.

"మంచం అక్కర్లేదట, తర్వాతవాళ్ళకి చెప్పమంటారా?"

ఒక కన్ను తెరుచుకుంది.

"నా సరుకు నాకే అమ్ముతున్నావట్రా!"

"మీరు నేర్పిందే కదా."

"నొప్పి మాత్రం దొంగది కాదురా" అంది పెద్దమ్మ. ఆ మాట వేషంలా లేదు. ఆ నిమిషంలో పాలసీకి మేస్త్రీ ఇంటికి పరుగెత్తి మంచం లాక్కొద్దామా అనిపించింది. ఒక రాత్రి అక్కడ, ఒక రాత్రి ఇక్కడ అని పిచ్చి లెక్కలు కూడా వేశాడు.

"తెలుసు పెద్దమ్మా. ఆయనదీ దొంగది కాదు. ఆయన ముందొచ్చాడు."

పెద్దమ్మ మణికట్టు మీద మచ్చని రుద్దుకుంటూ అతన్నే చూసింది.

"లాయర్ని పిలుస్తాను."

"పిలవండి."

"ఇల్లు పోతుంది."

"మీ ఇల్లు, మీ ఇష్టం."

"ఫో అవతలికి."

పాలసీ వెళ్ళాడు. అద్దం నిజంగా పగలగొట్టినవాడు ఒక్కడే అని ఆవిడ చెప్పింది, దారి పొడుగునా అదే మనసులో తిరిగింది. అన్నంత పనీ చేసే రెండో మనిషి ఈ పెద్దమ్మే కాదు గదా.

మర్నాడు లాయరు పెద్దమ్మ ఇంటికి వెళ్ళడం వీధంతా చూసింది. అదే రోజు సాయంత్రం ఆవిడ అక్క కొడుకు వ్యానులో కొత్త మంచం దింపాడు. ఇతను బాత్రూము టైల్సు అమ్ముతాడు, మాటలు కూడా అంతే నున్నగా ఉంటాయి. మంచం మామూలుది కాదు. రిమోటు నొక్కితే తల లేస్తుంది, కాళ్ళు లేస్తాయి, మొత్తం లేస్తుంది.

"సంఘం సంఘం అని ఊరేగావు కదా పిన్నీ. ఇప్పుడేమయింది? ఎంతైనా సొంతవాళ్ళు సొంతవాళ్ళే."

"బాగుందిరా" అంది పెద్దమ్మ, తల పైకి లేపుకుంటూ. "చాలా బాగుంది" అంది, కిందకి దించుకుంటూ.

ఈ సంగతి పళ్ళ డాక్టరు చెవిలో పడింది. పాలసీని పిలిచి, ఇక రానక్కర్లేదన్నాడు. కేకలేయలేదు. పన్ను పీకేముందు మాట్లాడే గొంతుతో అన్నాడు. అది ఇంకా భయంగా ఉంది.

పాలసీ ఇంట్లో కూర్చున్నాడు. భార్య అతన్ని చూసి, "మళ్ళీ మొదలా" అంది. అతను ఈసారి ఏమీ అమ్మలేదు. ఆవిడకి అదే ఎక్కువ దిగులయింది. "పోనీ నాకొక పాలసీ చెప్పు, వింటాను" అంది ఒకసారి. అతను లేచి స్కూటరు తుడుచుకున్నాడు. అదీ తనది కాదు, రాసిచ్చేశాడు.

మేస్త్రీ చంక కర్రలతో లేచాడు. మంచం షెడ్డుకి వచ్చింది. ముందున్న ఇద్దరికీ వేరే మంచాలు సర్దుబాటయ్యాయి. ఒక ఉదయం పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. ఈసారి ఆయన గొంతే పన్ను పీకించుకునేవాడిలా ఉంది.

"వరసలో ఇప్పుడు పెద్దమ్మే. మంచం తీసుకెళితే లోపలికి రానివ్వడం లేదట. నువ్వూ నేనూ ఇద్దరం వస్తేనే దింపనిస్తానంటోంది."

వెళ్ళారు. సంఘం బండి గుమ్మం ముందు ఆగి ఉంది, మీద పాత మంచం, ఎర్ర అక్షరాలు. లోపల పెద్దమ్మ రిమోటు పట్టుకుని నిటారుగా కూర్చునుంది. పక్కన అక్క కొడుకు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

"నా వంతొచ్చిందా?" అంది పెద్దమ్మ.

"వచ్చింది పెద్దమ్మా."

"ఎవర్నీ తోసెయ్యలేదుగా?"

"లేదు."

"అయితే దింపండి. నన్ను దాని మీదకి మార్చండి."

అక్క కొడుకు నవ్వు ఆగింది. "అదేంటి పిన్నీ, ఈ డొక్కుది ఎందుకు? ఇది కొత్తది కదా!"

"కొత్తదే. అందుకే చెప్తున్నా. నా తర్వాత లైన్లో ఎవరయ్యా ఉన్నారు?"

"కుట్టుమిషను ఆవిడ, కాలు తీసేశారు" అన్నాడు పాలసీ.

"ఆవిడకి ఇది పంపెయ్యి. దీని మీద వీడి పేరు రాయించు."

"పిన్నీ, అది నేను నీకు కొన్నాను!"

"నాకిచ్చాక నాదేగా. వద్దంటే చెప్పు, సామాను నీకని రాసిన కాగితం ఇంకోసారి చూస్తాను."

అక్క కొడుకు కట్టుకున్న చేతులు విప్పేశాడు. పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఆయన మనసంతా ఒకటే ప్రశ్న.

"అమ్మా, ఆ రోజు లాయరు గారు వచ్చారట..."

"వచ్చాడు. రాసుకోమన్నాను. ఈ పాలసీగాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని ఇందులో ఏది రాయమంటారు అన్నాడు. ఏదీ వద్దు, తిట్టడానికి మనిషి కావలసొచ్చింది, వెళ్ళిరా అన్నాను."

పళ్ళ డాక్టరు ఊపిరి వదిలాడు. ఆవిడ రిమోటు ఆయన మీదకి చూపించింది, ఆయన్ని కూడా లేపేలాగ.

"ఇల్లు అలాగే ఉంది. ఇప్పుడు నువ్వు చెప్పు. లేవలేనివాడి కింద మంచం లాక్కురమ్మన్నావట. పై వాటా పిల్లకి మేస్త్రీ భార్య చెప్పింది. సంఘం ఆస్తి మీద అంత మమకారం ఉంది కదా, నువ్వేం రాశావు?"

"నేనా? నాకింకా..." ఆయన పాలసీకేసి చూశాడు. పాలసీ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇంట్లో అడగాలి. అబ్బాయితో మాట్లాడాలి. కొంచెం టైము..."

"ఈ స్కూటరు మనిషికి టైము అక్కర్లేకపోయింది."

చాలాసేపు చెమటలు పట్టాక పళ్ళ డాక్టరు తన పళ్ళ కుర్చీ రాసిస్తానన్నాడు. వెనక్కి వాలే కుర్చీ, పక్కన లైటుతో సహా. పెద్దమ్మ ఆలోచించి, పనికొస్తుంది అంది.

పాలసీ మర్నాటి నుంచి మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. మొదటి పనిగా రంగు వేసేవాణ్ణి పిలిచి, ప్రతి మంచం మీదా పేరు కింద ఇంకో ముక్క రాయించాడు: వంతు ప్రకారం. రిమోటు మంచం మీద టికెట్టు పెద్దమ్మ అక్క కొడుకు అని కూడా రాయించాడు. అక్షరాలు రెండు వరసలు పట్టాయి.

అక్క కొడుకు ఆ తర్వాత సంఘం గేటు ముందు కనిపించాడు. తన మంచం వెనక్కి అడగడానికే వచ్చాడనుకుని పాలసీ మాటలు కూడగట్టుకున్నాడు.

"ఆ కుట్టుమిషను ఆవిడ ఇల్లు ఎక్కడండీ?" అన్నాడతను, అటూ ఇటూ చూసి. "వాళ్ళింటి కప్పు కారుతుందని విన్నాను. మంచం మోటారులోకి నీళ్ళు వెళితే పాడైపోతుంది. ఒకసారి చూసొస్తాను."